రెండోసారి చెప్పలేని మాట

రష్యా నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎసెన్ బిష్కెక్‌లోని తన ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నాడు. భూకంపాలను కొలిచే సంస్థలో ఉద్యోగం అతనిది. భూమి ఎక్కడ కదిలింది, ఎంత లోతున కదిలింది, ఎంతసేపు కదిలింది, ఇవన్నీ తడుముకోకుండా చెప్పగలడు. ఫోన్ చేసినవాడు తమ్ముడు తాలాయ్ పనిచేసే చోట మేస్త్రీ. తాలాయ్ పరంజా మీద నుంచి పడ్డాడనీ, ప్రాణం పోయిందనీ చెప్పాడు. ఎసెన్ అడగవలసినవన్నీ వరసగా అడిగాడు. ఎన్నో అంతస్తు, ఎవరు చూశారు, ఆసుపత్రికి తీసుకెళ్లారా, శవాన్ని ఎప్పుడు పంపుతారు. మేస్త్రీ అన్నిటికీ జవాబు చెప్పి చివర్లో, "మీ గుండె గట్టిదండీ" అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఎసెన్ పట్టించుకోలేదు.

వెంటనే సొంతూరు అట్‌బాషీలో ఉన్న జుమాకదిర్ బాబాయికి చేశాడు. తండ్రి పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆయనే. విషయం చెప్పాడు. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"మీ అమ్మకి చెప్పావా?" అన్నాడు ఆఖరికి.

"లేదు. ఇప్పుడు చేస్తాను."

"చెయ్యకు. అది ఫోన్లో చెప్పే మాట కాదు, నువ్వు చెప్పే మాట అసలే కాదు. రేపటికి అందరం పోగవుతాం. ఒస్మొనాలి పెద్దాయన్ని తీసుకొస్తాను. పద్ధతి ప్రకారం వినిపిస్తాం. అప్పటిదాకా నోరు కట్టేసుకో."

మా వైపు చావు కబురు ఎవరూ మొహం మీద చెప్పరు. ముందు ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఏదో వంక పెట్టుకుని ఆ ఇంటికి చేరతారు. ఒకావిడ జల్లెడ కోసం వస్తుంది, ఒకావిడ ఉన్ని వడకడానికి వస్తుంది. ఇల్లు నిండాక పెద్దాయన వచ్చి కూర్చుని, టీ తాగి, గుర్రాల సంగతీ గడ్డి సంగతీ మాట్లాడి, మెల్లగా ఒక కథ ఎత్తుకుంటాడు. చేతి మీద నుంచి ఎగిరిన డేగ తిరిగి రాలేదంటాడు. మరి డేగని పెంచినవాడు ఏం చేయాలమ్మా అని అడుగుతాడు. జవాబు చెబుతూ చెబుతూ ఆ తల్లే అసలు మాట తన నోటితో అనేస్తుంది. అప్పటికే ఆమె రెండు చేతులూ ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లో ఉంటాయి.

"అంటే రేపటిదాకా అమ్మతో అబద్ధమాడమంటారు" అన్నాడు ఎసెన్.

"అబద్ధమెవడు ఆడమన్నాడురా? ఆగమంటున్నాను."

"ఊరందరికీ తెలుస్తుంది, కన్నతల్లికి మాత్రం తెలియదు. ఇదేం న్యాయం బాబాయ్? డేగలూ కథలూ చెప్తే చచ్చినవాడు లేచి వస్తాడా?"

"రాడు. అది మాకూ తెలుసు, నువ్వేం చెప్పక్కర్లేదు. మీ అమ్మ బతకాలి కదా."

"సరే" అన్నాడు ఎసెన్. సరే అనడం ఒకటి, వినడం ఒకటి.

అతని పట్టుదలకు కారణం లేకపోలేదు. తండ్రి పోయినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు. నాన్న కొండమీద మేతకు వెళ్ళాడని చెప్పి పిల్లలిద్దరినీ మేనత్త సాయిరాకుల్ ఇంట్లో ఉంచారు. ఎసెన్ అక్కడ హాయిగా ఆడుకున్నాడు. పక్కింటి కుక్కని తరిమాడు, పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుతున్న వేళకు నాన్న చనిపోయి ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ నవ్వుకి అతను ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదు. తెలియనివ్వకుండా ఉంచినవాళ్ళనూ క్షమించలేదు. అమ్మకు అలాంటి అవమానం జరగనివ్వకూడదనుకున్నాడు. ప్రేమతోనే అనుకున్నాడు పాపం.

తల్లి బుర్మకాన్ రెండో రింగుకే ఫోన్ తీసింది.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. తాలాయ్ పనిలో పైనుంచి పడ్డాడు. పోయాడు. బాధపడలేదట, పడగానే ప్రాణం పోయిందట."

"ఎవరూ?"

"తాలాయ్ అమ్మా. మన తాలాయ్."

అవతల పొయ్యి మీద ఏదో చిటపటలాడింది. గిన్నె జరిపిన చప్పుడైంది.

"అలాగా" అందామె. "పాలు పొంగుతున్నాయి నాయనా, పెట్టేస్తాను" అంది.

ఎసెన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అనుకున్నంత కష్టం కాలేదు. అమ్మ కూడా తనలాగే గుండె గట్టి మనిషి అని గర్వపడ్డాడు కూడా. లోపలికి వెళ్ళి మిగిలిన పని ఇంకొకరికి అప్పగించి, సంచి సర్దుకుని, రాత్రికి బండెక్కాడు.

మర్నాడు ఊరు చేరేసరికి ఇంటి నిండా ఆడవాళ్ళున్నారు. జల్లెడ కోసం వచ్చినావిడ జల్లెడ ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చుంది. బుర్మకాన్ అందరికీ టీ పోస్తోంది, పాలు ఎక్కువ కావాలా అని అడుగుతోంది. ఒస్మొనాలి పెద్దాయన గోడకి ఆనుకుని కూర్చుని గడ్డం నిమురుకుంటూ, ఈ ఏడు కొండమీద మంచు త్వరగా దిగిందనీ, డేగలు కూడా కిందికి వచ్చేశాయనీ మొదలుపెట్టాడు.

"తెలుసండీ" అంది బుర్మకాన్, ఎంతో మర్యాదగా. "పెద్దాడు నిన్ననే ఫోన్లో చెప్పాడు. మీకు శ్రమ. ఇంకో కప్పు పోయనా?"

పెద్దాయన కప్పు బోర్లించి, ప్రార్థన ముగించినట్టు చేతులు మొహానికి తుడుచుకుని, లేచి బయటికి వచ్చాడు. వాకిట్లో జుమాకదిర్ ఎసెన్ చొక్కా పట్టుకున్నాడు.

"కొంప ముంచావు కదరా."

"ఏం ముంచాను? అమ్మ తట్టుకుంది. చూస్తున్నారుగా, ఎంత నిబ్బరంగా ఉందో."

"అది నిబ్బరమా? కళ్ళు తెరిచి చూడు. తాలాయ్‌కి పెట్టినట్టు ఎనిమిదో కప్పు పెట్టింది. లోపల ఏడుగురే ఉన్నారు."

శవం సీలు వేసిన పెట్టెలో వచ్చింది. అన్ని రోజుల ప్రయాణం తర్వాత తెరవకపోవడమే మంచిదని ఎసెన్ అన్నాడు, ముల్లా కూడా తలూపాడు. కాబట్టి తల్లి కొడుకు మొహం చూడలేదు. వాకిట్లో ఉన్ని గుడారం వేసి పెట్టెను అందులో ఉంచారు. లోపల ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చుని శోకాలు పాడారు. పోయినవాడి గుణాలు ఎత్తి ఎత్తి పాడటం మా ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. భర్త పోయినప్పుడు బుర్మకాన్ పాడిన శోకానికి పొరుగూరి మగవాళ్ళు కూడా వెక్కి వెక్కి ఏడ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈసారి ఆమె నోరు విప్పలేదు. మధ్యలో కూర్చుని, ఎవరైనా దగ్గితే నీళ్ళందించింది.

గుడారం బయట అన్నగా ఎసెన్ కర్రకి ఆనుకుని, నడుం వంచి నిలబడాలి. దూరం నుంచి వచ్చే ప్రతి గుంపునీ చూసి "నా తోడబుట్టినవాడా" అని గొంతెత్తి ఏడవాలి. ఎసెన్ నిలబడ్డాడు కానీ గొంతు ఎత్తలేదు. ఎవరో కనిపించినప్పుడల్లా బటన్ నొక్కినట్టు ఏడవడం అతనికి నాటకంలా అనిపించింది. దానికి బదులు కార్లు ఎక్కడ నిలపాలో చెప్పాడు, గోతి దగ్గరికి మనుషుల్ని పంపాడు, కోసిన గుర్రం మాంసం చివరిదాకా సరిపోయేలా చూశాడు. ఏర్పాట్లలో ఒక్క లోటు రాలేదని అందరూ ఒప్పుకున్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. బుర్మకాన్‌కి ముద్ద గొంతు దిగడం మానేసింది. రొట్టె తుంచుకుని టీలో ముంచి, నోట్లో పెట్టుకుని, అలాగే కూర్చునేది. కాసేపటికి అరచేతిలోకి తీసి కుక్కకి వేసేది. పగలంతా బంగాళాదుంపలు తవ్వింది, పశువుల పాక ఊడ్చింది, కిటికీలకి చలిగుడ్డలు కుట్టింది. ఒక్క చుక్క కన్నీరు లేదు. ఏమైనా అడిగితే అన్నిటికీ సరే అంటుంది. మేనత్త సాయిరాకుల్ పక్కలో పడుకుని శోకం ఎత్తుకుని చూసింది. "గొంతు బొంగురుపోతోంది, పడుకో వదినా" అని దుప్పటి కప్పింది బుర్మకాన్.

ఎసెన్ సెలవు పెట్టి ఊళ్ళోనే ఉండిపోయాడు. తల్లిని నరీన్ పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గుండె బాగుంది, రక్తం బాగుంది, గొంతులో అడ్డేమీ లేదు. డాక్టరు ఏవో మాత్రలు రాసిచ్చాడు. అవి వేసుకుని ఆమె ఇంకాస్త నెమ్మదిగా ఊడ్చింది, అంతే. దుఃఖం అంటే ఏమిటో, అది మనిషిలో ఎలా పనిచేస్తుందో ఎసెన్ ఎక్కడెక్కడో చదివి, ఒకరోజు పొయ్యి పక్కన కూర్చుని తల్లికి విడమరిచి చెప్పాడు. ఏడవడం తప్పు కాదనీ, ఏడిస్తే మంచిదనీ, దానికి కారణాలు ఇవీ అనీ వివరించాడు. ఆమె శ్రద్ధగా విని, "బాగా చదువుకున్నావు నాయనా" అంది.

ఆమె వేళ్ళకి ఉంగరాలు వదులైపోయాయి. దారం చుట్టి బిగించుకుంది. ఇలాగే సాగితే అమ్మ ఈ చలికాలం దాటదని ఎసెన్‌కి అర్థమైంది. లెక్క కట్టనక్కర్లేదు, కళ్ళకే కనిపిస్తోంది. మొదటిసారి అతనికి భయం వేసింది.

"ఇప్పుడు చూసుకో" అంది సాయిరాకుల్ గుమ్మంలో నిలబడి. "భూమి లోపలేం జరుగుతోందో చెప్తావంట కదా. నీ తల్లి లోపలేం జరుగుతోందో చెప్పు చూద్దాం."

"తెలీదు అత్తా."

"ఆ మాట ముందు అని ఉంటే బాగుండేది."

అతను ఒస్మొనాలి ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన పాకలో జీను కుట్టుకుంటున్నాడు. ఎసెన్ సిగ్గు విడిచి, ఆ రోజు ఫోన్లో జరిగినదంతా చెప్పి, మళ్ళీ ఒకసారి వచ్చి వినిపించమని అడిగాడు.

"విన్నదాన్ని వినిపించడం నాకు చేతకాదు" అన్నాడు ముసలాయన, తల ఎత్తకుండా. "నన్ను చూస్తే నీకు మంత్రగాడిలా కనిపిస్తున్నానేమో. నాకేమీ తెలియదు. మా నాన్న చేస్తుంటే చూశాను, అలాగే చేస్తున్నాను. ఒక్కోసారి కుదరదు కూడా."

"మరి ఎందుకు చేస్తారు?"

"ఒక్కర్తీ ఉండి వినకూడదని. అంతకంటే ఏముంది?" పెద్దాయన దారం కొరికి తెంపాడు. "నువ్వు చెప్పింది అబద్ధమని ఎవరన్నారు? నిజమే చెప్పావు. నిజాన్ని ఫోన్లోంచి గిరాటేశావు. ఆవిడ చేతిలో పాలగిన్నె ఉంది, ఎలా పట్టుకుంటుంది?"

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"నన్నడిగితే ఏం చెప్పను? నువ్వు విసిరింది నువ్వే తీసుకోవాలి. అది అయ్యే పనో కాదో నాకు తెలియదు."

దారంతా ఎసెన్ ఆలోచించాడు. నమ్మకం లేని పని ఎప్పుడూ చేయలేదతను. కానీ నమ్మకం ఉన్న పనులన్నీ చేసేశాడు, ఒక్కటీ పనిచేయలేదు. నలభయ్యో రోజు దగ్గరపడుతోంది. ఆ రోజు ఊరందరికీ భోజనాలు పెట్టి, పోయినవాణ్ణి సాగనంపేస్తాం. ఆ తర్వాత ఏడ్చినా బలవంతమే. అందుకని మర్నాడు పొద్దున్నే బాబాయిని పిలిచాడు, మేనత్తని పిలిచాడు, జల్లెడావిడని కూడా పిలిచాడు. ఈసారి ఆవిడ జల్లెడ తేలేదు. టీ అయింది. సాయిరాకుల్ బుర్మకాన్ పక్కకి జరిగి, ఆమె చేయి పట్టుకుని కూర్చుంది. ఎసెన్ తల్లికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒక ఊళ్ళో ఒకతనికి డేగ ఉండేది. వసంతంలో దాన్ని వేటకి వదిలాడు..."

"వసంతంలో వేటేంటి నాయనా?" అంది బుర్మకాన్. "అప్పుడు డేగలు ఈకలు రాలుస్తాయి. చలికాలం అను."

"చలికాలమే. చలికాలంలో వదిలాడు. అది కొండ దాటి వెళ్ళింది. అతను... అతను పిలిచాడు."

"ఏమని పిలిచాడు?"

ఎసెన్‌కి తట్టలేదు. జుమాకదిర్ తల పట్టుకున్నాడు. కథ నడి కొండలో ఆగిపోయింది. ఇంతమంది పెద్దవాళ్ళ ముందు, అందరికీ తెలిసిన సంగతిని, తెలియనట్టు చెప్పడానికి తడబడుతూ ఉంటే అతని చెవులు కాలిపోతున్నాయి. అయినా లేవలేదు.

"అమ్మా, నాకు రావడం లేదు" అన్నాడు. "నేను చెప్పిన తీరు తప్పు. మళ్ళీ చెబుదామనుకున్నాను."

బుర్మకాన్ అతన్ని చాలాసేపు చూసింది. అన్ని రోజుల్లో ఆమె ఎవరినైనా అలా కళ్ళలోకి చూడడం అదే మొదటిసారి. కప్పు పక్కన పెట్టింది.

"రష్యా నుంచి కబురు నీకెలా వచ్చింది?" అని అడిగింది.

"ఫోన్లో. మేస్త్రీ చేశాడు."

"నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. వరండాలో ఉన్నాను."

"కూర్చున్నావా?"

"నిలబడే ఉన్నాను."

"తర్వాత?"

"బాబాయికి చేశాను. నీకు చేశాను. పని అప్పగించి బయల్దేరాను."

"అయ్యో" అంది బుర్మకాన్. సాయిరాకుల్ చేతిలోంచి తన చేయి విడిపించుకుని, మోకాళ్ళ మీద ముందుకి జరిగి, కొడుకు రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వేళ్ళు పుల్లల్లా ఉన్నాయి. "అయితే నీకూ ఎవరూ చెప్పలేదన్నమాట."

"తెలుసమ్మా నాకు. అందరికంటే ముందు నాకే..."

"ఆగు. నేను చెప్తాను, విను. ఒక తల్లికి ఇద్దరు కొడుకులు. ఇద్దరినీ గొర్రెల వెంట కొండకి పంపేది. రాకపోకలకి మధ్యలో ఏరు. నీళ్ళు చలికి కోసేస్తుంటాయి. చిన్నాడికి ఏరంటే భయం. పెద్దాడు ఏం చేసేవాడు?"

ఎసెన్ తల దించుకున్నాడు.

"చెప్పు నాయనా. ఏం చేసేవాడు?"

"తమ్ముడి గుర్రం పగ్గం పట్టుకునేవాడు."

"పట్టుకుని?"

"ముందు తను దిగేవాడు. తమ్ముణ్ణి వెనకాల లాక్కొచ్చేవాడు."

"వెనక్కి చూసేవాడా?"

"చూసేవాడు కాదు. చూస్తే తమ్ముడు భయపడతాడని. పాట పాడుతూ ఉండమనేవాడు. పాట వినిపిస్తుంటే వెనకాల ఉన్నట్టే."

"ఆ. ఒకసారి అలాగే ఏరు దాటుతున్నారు. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి. పెద్దాడు ముందున్నాడు. పగ్గం చేతిలోనే ఉంది. గట్టెక్కాడు. పాట వినిపించడం లేదు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. చేతుల పట్టు మాత్రం బిగించింది. "అప్పుడు వెనక్కి తిరిగాడు. ఏం చూశాడు?"

"గుర్రాన్ని."

"దాని మీద?"

ఎసెన్ నోరు తెరిచాడు. ఆ మాట అతను ఈ నెలరోజుల్లో ఎంతమందికి చెప్పాడో. విమానాల వాళ్ళకి చెప్పాడు, ముల్లాకి చెప్పాడు, ఆఫీసులో చెప్పాడు, డాక్టరుకి చెప్పాడు. ఎక్కడా నాలుక తడబడలేదు. ఇప్పుడు గొంతులోంచి గాలి కూడా రావడం లేదు.

"దాని మీద ఎవరున్నారు నాయనా?"

"ఎవరూ లేరు."

"ఎవరు లేరు?"

"తాలాయ్ లేడు" అన్నాడు ఎసెన్. "అమ్మా, తాలాయ్ లేడు."

అన్నాక గాని ఆ మాట అతని చెవిన పడలేదు. నడుం విరిగినట్టు తల్లి ఒళ్ళోకి ఒరిగిపోయాడు. "నా తోడబుట్టినవాడా" అని అరిచాడు. గుడారం బయట కర్రకి ఆనుకుని అనలేకపోయిన మాట అది. ఎవరూ నేర్పకుండానే, ఎవరూ వస్తున్నారని చూడకుండానే వచ్చేసింది. జుమాకదిర్ మొహానికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి శోకం అందుకున్నారు. ఇల్లంతా ఏడుపుతో నిండిపోయింది.

సాయిరాకుల్ మాత్రం పాడుతూ పాడుతూ వదిన మొహంకేసి చూస్తోంది. ఇప్పుడు వస్తుంది, ఇదిగో వస్తోంది అని చూస్తోంది. బుర్మకాన్ కొడుకు వీపు నిమురుతోంది, చంటిపిల్లవాణ్ణి జోకొట్టినట్టు. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

చాలాసేపటికి ఎసెన్ తలెత్తాడు. కళ్ళు ఉబ్బిపోయాయి. తల్లి మొహం చూశాడు, అప్పుడు అర్థమైంది.

"మరి నువ్వమ్మా?" అన్నాడు.

"నేనా?" అంది బుర్మకాన్. కొడుకుని నొప్పించకుండా మాట కోసం కాస్త వెతుక్కుంది. "నాకు నువ్వు చెప్పేశావు కదా నాయనా."

తలగుడ్డ కొంగు లాగి అతని మొహం తుడిచింది.